దోషి లేని దోషం

ఒక తప్పు జరిగింది. దానివల్ల నష్టపోయినవాళ్లు ఉన్నారు. అయితే ఎంత వెతికినా దుర్బుద్ధి గలవాడు ఒక్కడూ కనపడడు. నియమం రాసినవాడు మంచి ఉద్దేశంతోనే రాశాడు. అమలు జరిపినవాడు రాసినదాన్ని పొల్లుపోకుండా అమలు జరిపాడు. అటువంటప్పుడు దాన్ని నైతిక దోషం అనవచ్చునా? లేక పిడుగుపాటు వంటి ఉపద్రవంగా భావించి ఊరుకోవలసిందేనా?

ఈ ప్రశ్న మనకు కొత్తగా తోచడానికి కారణం ఉంది. మనకు వారసత్వంగా వచ్చిన నీతి అంతా మనసును వెతికే నీతి. పాపానికి నివాసం మనసు అని పురాణాలు నేర్పాయి. నేరానికి ఉద్దేశం ముఖ్యమని న్యాయశాస్త్రం చెప్పింది. అభ్యుదయ సాహిత్యం కూడా ఈ అలవాటు నుంచి పూర్తిగా బయటపడిందని నేను అనుకోను. మన కథల్లో వడ్డీవ్యాపారి, భూస్వామి, కరణం ఉంటారు. వాళ్ల క్రౌర్యం నిజమే. కాని ఆ క్రూరుణ్ణి తీసేసి అతని స్థానంలో ఒక మంచివాణ్ణి కూర్చోబెడితే కథ మారిపోతుందన్న భ్రమ పాఠకుడిలో మిగిలిపోతుంది. నేటి జీవితంలో మనుషులను ఎక్కువగా నలిపేవి నియమాలు. వాటికి ముఖం ఉండదు.

కాబట్టి ఈ ప్రశ్నను పరిశీలించడానికి మనసే లేని వస్తువును ఒకదాన్ని ఎంచుకున్నాను. కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డివైస్ డ్రైవర్‌లో ఏర్పడే అంతంలేని ఆవృత్తి, వాడుకలో ఇన్ఫినిట్ లూప్ అనేది, ఆ వస్తువు. తెలుగు చెప్పుకొనేవాడికి ఇందులో పనేమిటని కొందరు అడగవచ్చు. రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పదార్థాన్ని పరీక్షించే ముందు అందులో కలిసిన మలినాలన్నీ తీసేస్తాడు. యంత్రంలో కోపం లేదు, కులం లేదు, లంచం లేదు, ధనాశ లేదు. అవన్నీ తీసేసిన తర్వాత కూడా అన్యాయం మిగిలితే, దాని స్వరూపం మనకు శుద్ధంగా కనిపిస్తుంది. పైగా ప్రోగ్రామ్ అంటే భాషే. "ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి" అన్న వాక్యాలే అందులో ఉన్నవన్నీ. వాక్యం తప్పితే ఏమవుతుందో చూడడం భాష చెప్పేవాడి పని కూడా.

డ్రైవర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. కంప్యూటర్‌కు తగిలించిన ప్రతి పరికరానికీ, అది గడియారం కావచ్చు, ముద్రణ యంత్రం కావచ్చు, నెట్‌వర్క్ కార్డు కావచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. అదే డ్రైవర్. పరికరం భాష దానికి తెలుసు, సిస్టమ్ భాష కూడా తెలుసు. చాలా డ్రైవర్లు సిస్టమ్ గర్భగుడి అనదగిన కెర్నెల్‌లో కూర్చుని పనిచేస్తాయి. సాధారణ ప్రోగ్రామ్ మొరాయిస్తే వాడేవాడు దాన్ని మూసేయగలడు. కెర్నెల్‌లో ఉన్నది మొరాయిస్తే మూసేయడానికి అతని చేతిలో ఏ మీటా ఉండదు. యంత్రాన్నే ఆర్పాలి. తప్పు పరిమాణం చిన్నదే అయినా, అది జరిగిన స్థానం వల్ల ఫలితం పెద్దదవుతుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

2006 నవంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ జూన్ అనే పాటల యంత్రాన్ని అమెరికాలో అమ్మకానికి పెట్టింది. మొదటి నమూనా పేరు జూన్ 30. దాన్ని తయారుచేసింది తోషిబా. 2008 డిసెంబరు 31 తెల్లవారేసరికి ఆ నమూనా యంత్రాలు మూకుమ్మడిగా బిగుసుకుపోయాయి. తెర మీద కంపెనీ గుర్తు కనిపిస్తుంది, అంతకు మించి ముందుకు పోదు. కారణం గడియారపు డ్రైవర్. ఆ నమూనాలో మాత్రమే వాడిన ఒక భాగానికి సంబంధించిన డ్రైవర్ అది. తర్వాతి నమూనాలకు ఏమీ కాలేదు.

ఆ డ్రైవర్ పని ఏమిటంటే, 1980 మొదటి రోజు నుంచి గడిచిన రోజుల సంఖ్య తీసుకుని, అందులోంచి ఒక్కొక్క ఏడాదినీ తీసివేసుకుంటూ ఇప్పుడు ఏ సంవత్సరమో తేల్చడం. దాని తర్కాన్ని మన మాటల్లో ఇలా చెప్పవచ్చు. "మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువగా ఉన్నంతకాలం ఈ పని చేస్తూండు: అది లీపు సంవత్సరం కాకపోతే 365 తీసివేసి మరుసటి సంవత్సరానికి వెళ్లు. లీపు సంవత్సరమైతే, మిగిలినవి 366 కంటే ఎక్కువ ఉన్నాయేమో చూడు. ఉంటే 366 తీసివేసి మరుసటి సంవత్సరానికి వెళ్లు."

చదివితే సబబుగానే ఉంది. ఏళ్ల తరబడి సబబుగానే పనిచేసింది. 2008 ఫిబ్రవరి 29న కూడా ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే అది ఏడాదిలో అరవయ్యో రోజు మాత్రమే. డిసెంబరు 31 వచ్చింది. అది 366వ రోజు. 366 అనేది 365 కంటే ఎక్కువే, కాబట్టి ఆవృత్తిలోకి ప్రవేశం దొరికింది. సంవత్సరం లీపు సంవత్సరమే. మిగిలినవి 366 కంటే ఎక్కువ ఉన్నాయా? లేవు, సరిగ్గా 366 ఉన్నాయి. అప్పుడేం చెయ్యాలి? ఆ మాట రాయలేదు. ఏమీ చెయ్యకుండా మళ్లీ మొదటికి రావడమే. మళ్లీ 365 కంటే ఎక్కువ, మళ్లీ లోపలికి. లోపలికి రానిచ్చే తలుపు ఉంది, బయటికి పంపే తలుపు లేదు. యంత్రం క్షణానికి లక్షలసార్లు ఒకే ప్రశ్న వేసుకుని, ఒకే జవాబు చెప్పుకుని, ఒక్క అడుగు కూడా కదలలేదు.

కంపెనీ ఇచ్చిన ఉపాయం తమాషాగా ఉంది. బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, గ్రీనిచ్ కాలమానం ప్రకారం 2009 జనవరి 1 మధ్యాహ్నం దాటాక మళ్లీ చార్జి చేయండి, సరిపోతుంది అన్నారు. నిజంగానే సరిపోయింది. రోజు మారితే లెక్క మారుతుంది, లెక్క మారితే దారి దొరుకుతుంది. పాటలు వినే యంత్రం కాబట్టి ఒక రోజు ఆగింది, ఎవరి ప్రాణమూ పోలేదు. అయితే "ఆ రోజు గడిచిపోనివ్వండి" అన్న ఉపాయం అన్ని రంగాలలోనూ చెల్లుతుందా? ఆ సంగతి ముందు చూస్తాం.

ఇందులో దోషి ఎవరు? భాగం తయారుచేసినవాళ్లు ఒకరు, దాన్ని అమర్చినవాళ్లు ఒకరు, పేరుపెట్టి అమ్మినవాళ్లు మరొకరు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముక్క ఉంది. మొత్తాన్ని చూసి, "సరిగ్గా 366 అయితే?" అని అడగడం ఎవరి ఉద్యోగమూ కాదు. శ్రమ విభజన వల్ల ఉత్పత్తి పెరుగుతుంది. బాధ్యత కూడా అదే కత్తితో ముక్కలవుతుంది. అయితే లాభం మాత్రం ముక్కలు కాకుండా ఒకచోటికి చేరే ఏర్పాటు ఉంటుంది.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. ఆవృత్తి అనేదే చెడ్డదని నా వాదం కాదు. గానుగెద్దు పొద్దస్తమానం ఒకే చుట్టు తిరుగుతుంది. అయినా ప్రతి చుట్టుకూ నువ్వులు నలుగుతాయి, నూనె దిగుతుంది, గింజలు అయిపోగానే ఎద్దును విప్పుతారు. గింజలు వెయ్యని గానుగకు ఎద్దును కట్టి, విప్పేవాణ్ణి లేకుండా చేస్తే అప్పుడది హింస. ఋతువులు తిరిగి వస్తాయి, అరవై సంవత్సరాల పేర్లు తిరిగి వస్తాయి. కాని తిరిగి వచ్చేటప్పటికి లోకం మారి ఉంటుంది. చరిత్ర చక్రంలాగా కాక మెలికల మెట్లలాగా నడుస్తుందని గతితర్కం చెప్పేది దీన్ని గురించే. ప్రతి చుట్టులోనూ ఏదో ఒకటి మారుతున్నదా, ముగింపుకు ఒక అడుగైనా దగ్గరవుతున్నదా అన్నది పరీక్ష. ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇది మొదటి పాఠం. పాలించేవాళ్లకు కూడా మొదటి పాఠం కావాలి.

మన పంచాంగకర్తలు ఈ విషయంలో గడియారపు డ్రైవర్ రాసినవాళ్ల కంటే జాగ్రత్తగా ఉన్నారు. చాంద్రమాన సంవత్సరానికీ సౌరమాన సంవత్సరానికీ ఏటా సుమారు పదకొండు రోజుల తేడా వస్తుంది. అది పోగుపడి, దాదాపు ముప్పైరెండు ముప్పైమూడు నెలలకొకసారి అధికమాసమవుతుంది. ఆ నెలలో పెళ్లిళ్లు చేయరు, శుభకార్యాలు పెట్టుకోరు. పంచాంగపు మూఢత్వంతో నాకు పేచీ ఉంది. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. శుభకార్యానికి పనికిరాదన్నారే గాని, ఆ నెలను లెక్కలోంచి తీసేయలేదు. మిగులుకు ఒక పేరు పెట్టి ఒక స్థానం ఇచ్చారు.

తెలుగు వ్యాకరణంలో చేదర్థకమనీ అప్యర్థకమనీ రెండు రూపాలున్నాయి. "వస్తే ఇస్తాను" అన్నది చేదర్థకం. "రాకపోయినా ఇస్తాను" అన్నది అప్యర్థకం. మొదటిది షరతు పెడుతుంది, రెండవది షరతు తప్పినప్పటి సంగతి కూడా చెబుతుంది. పాలకుల భాషలో మొదటిది పుష్కలంగా ఉంటుంది. రెండవది వెతికితేగాని దొరకదు. జూన్ యంత్రాన్ని బిగించేసింది ఆ లోపమే. "366 కంటే ఎక్కువైతే" అన్న మాట ఉంది, "కాకపోయినా" అన్న మాట లేదు.

ఇంతవరకు చెప్పినది అజాగ్రత్త. దుర్బుద్ధి వచ్చి ఈ అజాగ్రత్తను వాడుకుంటే ఏమవుతుందో రెండో ఉదాహరణ చెబుతుంది. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు బలహీనత, అనగా వల్నరబిలిటీ, అనేది దీన్నే.

2019లో లైనక్స్ కెర్నెల్‌లోని వీహోస్ట్-నెట్ అనే భాగంలో ఇటువంటి బలహీనత బయటపడింది. సీవీఈ-2019-3900 అన్నది దాని జాబితా సంఖ్య. పెద్ద సర్వర్లలో ఒకే యంత్రాన్ని అనేక వర్చువల్ మెషీన్లుగా విభజించి అద్దెకిస్తారు. ఒకే ఇంట్లో పది వాటాలు వేసినట్లు. ఒక వాటా నుంచి మరొక వాటాకు వెళ్లే ప్యాకెట్లను అందించే పని వీహోస్ట్-నెట్‌ది. అది కెర్నెల్‌లో ఉంటుంది, అందరి తరఫునా పనిచేస్తుంది.

ఇద్దరు అద్దెదార్లు కుమ్మక్కయ్యారనుకుందాం. ఒకడు తనకొచ్చే ప్యాకెట్లు పట్టుకోవడానికి ఒక్క బైటు మాత్రమే పట్టే గిన్నెలు పెట్టి, పనిని సాధ్యమైనంత నెమ్మది చేస్తాడు. రెండోవాడు అతనికి వీలైనంత వేగంగా ప్యాకెట్లు పంపుతూ ఉంటాడు. ప్యాకెట్ గిన్నెల్లో పట్టదు. పట్టనిదాన్ని డ్రైవర్ పారేసి తర్వాతిదాని కోసం తిరిగి మొదటికి వెళుతుంది. అప్పటికి ఇంకొకటి వచ్చి ఉంటుంది. అదీ పట్టదు, అదీ పారేయాలి. పంపేవాడి వేగం పారేసేవాడి వేగాన్ని మించినంతకాలం ఈ పనికి అంతు లేదు. ఆ పనిచేసే కెర్నెల్ దారం అక్కడే చిక్కుకుపోతుంది, ఒక్క ప్యాకెట్టూ చేరవలసిన చోటికి చేరదు.

అక్కడ పరిమితి అనేది అసలు లేకపోలేదు. ఒక విడతలో ఇన్ని ప్యాకెట్లు, ఇన్ని బైట్లు దాటితే ఆగి, మిగిలిన పనిని వరుసలో వెనక్కి పెట్టాలన్న నియమం అంతకు ముందే ఉంది. ప్యాకెట్లకు 256, బైట్లకు 5,24,288. అయితే ఆ లెక్క చూసే వాక్యం ఆవృత్తి చివర్లో ఉంది. చక్కగా చేరవేసిన ప్యాకెట్ మాత్రమే ఆ చివరిదాకా వస్తుంది. పారేసిన ప్యాకెట్ మధ్యలోంచే మొదటికి మళ్లిపోతుంది, లెక్కపెట్టేవాడి ముందుకే రాదు. చేరినవి లెక్కలో ఉన్నాయి, పారేసినవి లెక్కలో లేవు. లెక్కలో లేనివాటి దగ్గరే ఆవృత్తి అనంతమయింది.

దీన్ని సరిదిద్దిన పద్ధతి కూడా చిన్నదే. ఏ దారిన మళ్లినా, చేరవేసినా పారేసినా, ప్రతి చుట్టు చివరా పరిమితి చూసుకునేట్లు వాక్యాల అమరిక మార్చారు. పరిమితి దాటితే పనిని రద్దుచేయరు. తిరిగి వరుసలో నిలబెడతారు, దాని వంతు మళ్లీ వస్తుంది. పరిమితి అంటే నిరాకరణ కాదని, ఇతరుల వంతును గౌరవించడమని ఇక్కడ స్పష్టమవుతుంది.

ఇప్పుడు యంత్రాన్ని వదిలి మన నేల మీదికి వద్దాం. కర్నూలు, కడప జిల్లాల వాళ్లకు ఈ తర్కం కంప్యూటర్ పుట్టకముందే పరిచయం. ధాత నామ సంవత్సరంలో, అనగా 1876లో మొదలయి 1878దాకా సాగిన కరువులో, మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారితోపాటు ఈ రెండూ ఉన్నాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడం అతనికి అప్పగించిన పని. సహాయ పనుల్లో వయసువచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. దీన్ని టెంపుల్ కూలి అన్నారు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ ఈ తిండితో కాయకష్టం చేసేవాడు బతకడని వాదించాడు. తర్వాత కూలి పెంచక తప్పలేదు. ఆ చరిత్రను విలియం డిగ్బీ 1878లో గ్రంథస్థం చేశాడు.

కూలి సంగతి అందరూ చెప్పేదే. నేను చూపదలచుకున్నది ఆ సహాయం వెనక ఉన్న తర్కాన్ని. నిజంగా అవసరమున్నవాణ్ణి సోమరినుంచి వేరుచేయడానికి పరీక్షలు పెట్టారు. ఇంటికి దూరంగా వెళ్లి పనిచెయ్యాలన్నది ఒకటి, కఠినమైన శ్రమ చెయ్యాలన్నది ఒకటి. బొత్తిగా పని చెయ్యలేనివాళ్లకు ఉచిత సహాయమనే రెండో తలుపు కూడా ఉండేది. ఇక ఆ రెండు తలుపుల నడుమ నిలబడ్డవాణ్ణి ఊహించండి. నెలల తరబడి అర్ధాకలితో ఉన్న కూలివాడు. దూరం నడిచి రాళ్లు కొట్టేంత బలం లేదు. ఉచిత సహాయానికి అర్హుడనిపించుకునేంత దీనంగా ఇంకా కనపడడు. ఒక గీతకు పైన ఉన్నాడు, రెండో గీతను దాటలేదు. అతనే 366వ రోజు. తిండి కావాలంటే పని చెయ్యాలి, పని చెయ్యాలంటే నడవాలి, నడవాలంటే బలముండాలి, బలముండాలంటే తిండి కావాలి. ఈ నాలుగు వాక్యాలూ విడివిడిగా ఎంత సబబుగా ఉన్నాయో, కలిపితే అంత ఘోరంగా ఉన్నాయి.

పాటల యంత్రానికి చెప్పిన ఉపాయం ఇక్కడ కూడా ఒక విధంగా అమలు జరిగింది. రోజులు గడిచాయి, ఆవృత్తి ఆగింది. అయితే ఆగింది మనిషి చనిపోవడం చేత. పనికి వచ్చినవాళ్ల పట్టీ ఉంది. రాలేక దారిలో కూలినవాళ్లకు పట్టీ లేదు. పారేసిన ప్యాకెట్లు లెక్కపెట్టేవాడి ముందుకు రాలేదని చెప్పాను. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టడం మనుషులను అవమానించడానికి కాదు. మనుషులను ప్యాకెట్లలాగా చూసిన పాలన తర్కం ఏమిటో చూపడానికి. 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది. దాని ఆధారంగా కరువు నియమావళులు తయారయ్యాయి. అవి దయతో వచ్చినవని నేననను. రాసిన నియమంలో దారి లేదని లక్షల శవాలు రుజువుచేసిన తర్వాత వచ్చినవి.

ఇది గతించిన వలసపాలన కథ అని సరిపెట్టుకోడానికి వీల్లేదు. ఈ సీమలో వేరుశనగ, శనగ వేసే కౌలు రైతును చూడండి. 2019లో రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. సాగు చేసేవాడికి పదకొండు నెలలు చెల్లే కార్డు ఇచ్చి, దానితో పంటరుణం, బీమా, నష్టపరిహారం అందేట్లు చేయాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని ఆ కార్డుకు భూయజమానితో రాతపూర్వకమైన ఒప్పందం కావాలి. యజమాని సంతకం పెట్టడు, పెడితే భూమి మీద హక్కు ఎక్కడ పోతుందోనని అతని భయం. సంతకం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకులో అప్పు లేదు. బయట వడ్డీకి తేవాలి. వాన తప్పితే పరిహారం పేరున్నవాడికి పోతుంది, నష్టం పొలంలో ఉన్నవాడికి మిగులుతుంది. మరుసటి ఏడు మళ్లీ కౌలుకు అదే యజమాని దగ్గరికి వెళ్లాలి కనక, సంతకం కోసం గట్టిగా అడిగే ధైర్యం ఉండదు. పొలంలో చూస్తే అతను రైతే, కాగితంలో చూస్తే కాదు. బ్యాంకు అధికారి చెడ్డవాడు కాకపోవచ్చు, రెవెన్యూ అధికారి లంచగొండి కాకపోవచ్చు. "యజమాని ఒప్పుకోకపోయినా" అన్న అప్యర్థకం ఒక్కటి చట్టంలో లేకపోవడమే చాలు.

రేషన్ దుకాణాలలో 2015 నుంచి వాడుకలోకి వచ్చిన వేలిముద్ర యంత్రం మరో ఉదాహరణ. బేతంచెర్ల నాపరాళ్లు మోసి, మంగంపేటలో ముగ్గురాయి తవ్వి, గీతలు అరిగిపోయిన వేళ్లను ఆ యంత్రం గుర్తించకపోవచ్చు. మళ్లీ పెట్టమంటుంది, మరో వేలు పెట్టమంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. శ్రమచేసిన వేలికే శిక్ష. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. వేలిముద్ర పడనివాళ్లకు గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణ మీద సరుకులిచ్చే పద్ధతి కూడా మన రాష్ట్రంలో పెట్టారు. అంటే బయటి తలుపు పెట్టడం అసాధ్యం కాదన్నమాట. అది లేనిచోట ఎందుకు లేదని అడిగే హక్కు మనకుంది.

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: ఇవి సాంకేతిక లోపాలు, నీతిని ఎందుకు తేవాలి? అన్ని పరిస్థితులనూ ముందుగా ఊహించడం ఎవరికి సాధ్యం? నిజమే, సాధ్యం కాదు. ఏ ప్రోగ్రామ్‌ను ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో ఆగదో ముందే చెప్పగల సార్వత్రికమైన పద్ధతి ఉండదన్నది 1936లో అలన్ ట్యూరింగ్ చేసిన నిరూపణ నుంచి వచ్చే ఫలితం. దాన్ని సాకుగా తీసుకోవచ్చు, హెచ్చరికగా కూడా తీసుకోవచ్చు. ఇంజనీర్లు హెచ్చరికగా తీసుకున్నారు. అన్నీ ఊహించలేం గనక, ఆవృత్తికి వెలుపల కాపలా గడియారం ఒకటి పెడతారు. వాచ్‌డాగ్ అంటారు దాన్ని. లోపలి ప్రోగ్రామ్ నిర్ణీత కాలంలో "నేను బాగానే ఉన్నాను" అని సంకేతం ఇవ్వకపోతే, అది యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టిస్తుంది. దాని విలువంతా వెలుపల ఉండడంలోనే ఉంది. ఆవృత్తిలో చిక్కినవాడు తాను చిక్కానని తెలుసుకోలేడు, ఎందుకంటే ప్రతి చుట్టూ అతనికి నియమబద్ధంగానే కనిపిస్తుంది. ప్రభుత్వ శాఖ తన తప్పును తానే విచారించుకుంటే ఏమవుతుందో ఇందులోంచి గ్రహించవచ్చు. సంఘాలు, పత్రికలు, న్యాయస్థానాలు, ఊరి బహిరంగ విచారణ సమాజానికి కాపలా గడియారాలు. ఊహించలేకపోవడం దోషం కాకపోవచ్చు. ఊహించలేమని తెలిసికూడా బయటి తలుపు పెట్టకపోవడం దోషం.

రెండవది: మినహాయింపు పెడితే మోసగాళ్లు దూరతారు. టెంపుల్ భయమూ ఇదే. వీహోస్ట్-నెట్ ఉదంతం దీనికి తగిన జవాబు. అక్కడ మోసగాళ్లకు ఆయుధమయింది మినహాయింపు కాదు, పరిమితి లేకపోవడం. అక్కడ యంత్రాన్ని ఎవడో బయటివాడు కుట్రపన్ని చిక్కించాలి. ఇక్కడ యజమానికి కుట్ర కూడా అక్కర్లేదు, సంతకం పెట్టకుండా ఊరుకుంటే చాలు, మిగిలినదంతా చట్టమే చేసిపెడుతుంది. దారి లేని నియమం బలవంతుడికి ఎప్పుడూ అడ్డం కాదు. అతనికి వేరే దారులుంటాయి.

మూడవది మన వైపునుంచే రావచ్చు: ఇదంతా పెట్టుబడిదారీ వ్యవస్థ లక్షణం, వ్యవస్థ మారితే ఇదీ మారుతుంది. ఈ మాటలో సగం నిజముంది. నియమంలో దారి లేకపోతే ఎవడు బలవుతాడో అతను నియమం రాసే బల్ల దగ్గర లేకపోవడం యాదృచ్ఛికం కాదు, వర్గసమాజం దాన్ని తయారుచేస్తుంది. కౌలు రైతు కూర్చుని రాసిన చట్టంలో యజమాని సంతకం మొదటి షరతుగా ఉంటుందా? కాని ఉమ్మడి ఆస్తి అయినంత మాత్రాన లోపం దానంతటదే పోదు. లైనక్స్ మూలపాఠం ఎవరైనా చదవగలిగినది, ఎవరైనా దిద్దగలిగినది. అందులోనూ ఆ బలహీనత ఉండింది. బహిరంగంగా ఉండడంవల్ల దాన్ని కనిపెట్టడానికీ, ఎక్కడ ఎందుకు తప్పిందో అందరిముందూ రాసి దిద్దడానికీ వీలయింది. యాజమాన్యం మారాలి. దానితోపాటు నియమాన్ని చదివి ప్రశ్నించే అలవాటు కూడా ప్రజలది కావాలి. రెండవది లేకుండా మొదటిది వచ్చినచోట్ల, కార్యాలయాలు పేర్లు మార్చుకుని పాత చుట్లే తిరిగాయి.

కనక మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. దోషి లేకుండా దోషం ఉండగలదు, అది నైతిక దోషమే. ఇతరుల మీద అధికారం చెలాయించే ఏ నియమానికైనా, దాని షరతులు రెండూ తప్పినవాడు ఎటు వెళ్లాలో చెప్పే బాధ్యత ఉంది. ఎంత ఎత్తున కూర్చుని పనిచేస్తుందో అంత బాధ్యత. ఎంతమందికి మేలు చేశామన్న లెక్కతోపాటు, ఎంతమందిని మధ్యలోంచి మళ్లించామన్న లెక్క కూడా చూపాలి. ఆ రెండో లెక్క చూపని నివేదికను నమ్మకూడదు.

మనం ఉపాధ్యాయులం, విద్యార్థులం. ఈ సీమ కళాశాలల నుంచి ఏటా ఎందరో యువకులు ప్రోగ్రామ్‌లు రాసే ఉద్యోగాలకు బెంగుళూరుకో హైదరాబాదుకో వెళుతున్నారు. మిగిలినవాళ్లలో కొందరు గుమాస్తాలవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు చట్టసభలకు కూడా వెళ్లవచ్చు. వాళ్లంతా ఏదో ఒక రూపంలో "అయితే" అన్న మాట రాసేవాళ్లే. ఆ మాట రాసిన ప్రతిసారీ "కాకపోయినా" అన్న మాట కూడా రాశామా అని చూసుకోవడం వాళ్లకు నేర్పగలిగితే, వ్యాకరణం పాఠం వ్యాకరణంతో ఆగిపోదు. పై అధికారి ఆ రెండో మాట కొట్టేయమన్నప్పుడు ఎందుకని అడగడం కూడా నేర్పాలి. ఆ అడగడం ఒంటరిగా చేయగలిగింది కాదు. దానికి సంఘం కావాలి.